పోబెదా డ్రైవరుకి తండ్రి పేరు

గురువారం సాయంత్రాలు ఆ మ్యూజియంలో పెద్దవాళ్ల బడి. పగలంతా స్కూలు పిల్లలు పాత కార్ల చుట్టూ పరుగులు తీసి, అద్దాల మీద వేలిముద్రలు వేసి వెళ్లిపోయాక, నడివయసు దాటినవాళ్లు కోట్ల మీది మంచు దులుపుకుంటూ ఒక్కొక్కరే లోపలికొచ్చేవాళ్లు. కజకిస్తాన్‌లో అల్మాటీ ఊరి చివర పాత బస్సు డిపోలో పెట్టిన మ్యూజియం అది. కప్పు ఎత్తు, గోడలు పల్చన, హీటర్లు పేరుకే. క్లాసులో ఎవరూ కోటు విప్పేవాళ్లు కాదు. హాలు మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద విప్పి పెట్టిన కార్బురేటరు, పక్కన టీ కెటిలు. బల్ల మీద ఒక్కటే దీపం. చుట్టూ మసక చీకట్లో బండ్లు.

పాఠం చెప్పేవాడు యెసెన్. యాభై నిండబోతున్న మనిషి. మెకానిక్కుల కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పి, ఆ కాలేజీ మూతపడ్డాక ఇక్కడ కుదురుకున్నాడు. మంచి మాష్టారే, కాదనను. కాకపోతే ఒక బలహీనత ఉంది. వినేవాళ్ల మొహాలు వాడిపోతే తట్టుకోలేడు. ఎవరైనా ఆవలిస్తే చాలు, తనని తిట్టినట్టు మొహం ఎర్రబడిపోయేది. అలాంటివాడు పెద్దవాళ్లకి పాఠం చెప్పడానికి పూనుకోవడమే తప్పు. పిల్లలు భయానికైనా వింటారు. పెద్దవాళ్లకేం, పొద్దంతా చాకిరీ చేసి వచ్చి, వేడి టీ కడుపులో పడగానే కళ్లు మూతలు పడతాయి.

ఆ చలికాలం క్లాసుకు జనం తగ్గిపోయారు. "ఇలాగైతే గురువారాలు ఎత్తేద్దామండీ యెసెన్ గారూ, కరెంటు దండగ," అని డైరెక్టరు జనార్ నవ్వుతూనే అంది. ఆవిడ నవ్వుతూ అన్న మాటలే జరుగుతాయని మ్యూజియంలో అందరికీ తెలుసు. గురువారాలు పోతే యెసెన్‌కి మిగిలేది గేటు దగ్గర పిల్లలకి టికెట్లు చింపడమే. ఒకప్పుడు తన దగ్గర చదువుకున్నవాళ్లు పిల్లల్ని వెంటేసుకొచ్చి, గేటు దగ్గర తనని గుర్తుపట్టి "మాష్టారూ, మీరా" అంటే ఏం చెప్పాలి? ఆ ఆలోచనకే అతనికి ఒళ్లు చచ్చిపోయేది.

ఒక గురువారం పాఠం పోబెదా అనే సోవియట్ కాలపు కారు గురించి. బూడిదరంగు పోబెదా, గుండ్రటి వీపు, ముందు అద్దానికి ఓ మూల చిన్న బీట. అది ఎవరిదో ఎవరికీ తెలీదు. పాత ఇనుము కొట్టులో తుప్పు పడుతుంటే మ్యూజియంవాళ్లు తెచ్చి రంగేశారు, అంతే. యెసెన్ దాని గేరుబాక్సు గురించి చెబుతుంటే, టాక్సీ నడిపే మార్లెన్ నోరంతా తెరిచి ఆవలించాడు.

"మాష్టారూ, గేర్లతో నేను పొద్దస్తమానం కాపురం చేస్తూనే ఉన్నా. దీన్ని తోలినోడి సంగతేదైనా చెప్పండి. వాడికో పెళ్లామో, ఓ గొడవో ఉండే ఉంటుందిగా," అన్నాడు.

అందరూ నవ్వారు. బ్యాంకులో పనిచేసే రైహాన్ గడియారం చూసుకోవడం మాని తలెత్తింది. ఆ తలెత్తడం యెసెన్ కంటబడింది. తెలీదయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"ఐత్‌జాన్ అని ఒకతను తోలేవాడు," అన్నాడు.

ఆ పేరు ఎక్కణ్నించి వచ్చిందో అతనికే తెలీదు. వచ్చింది. ఇక వెనకే తక్కినదంతా వచ్చేసింది. కొర్దాయ్ కనుమ మీద మంచు తుఫాను. వెనక సీట్లో నెప్పులు పడుతున్న ఆడమనిషి. బండి మంచులో కూరుకుపోయింది. ఐత్‌జాన్ తన కోటు విప్పి ఆవిడకి కప్పి, సాయం కోసం ఒంటి మీద చొక్కాతో నడుచుకుంటూ వెళ్లాడు. తెల్లారి జనం వచ్చేసరికి బండిలో తల్లీబిడ్డా క్షేమం. అతను మాత్రం దొరకలేదు. వసంతంలో మంచు కరిగాక వెతికినా దొరకలేదు.

మార్లెన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. యెసెన్‌కి ఒళ్లంతా వెచ్చబడింది. ఇన్నేళ్లలో తన పాఠం ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

బల్ల చివర కూర్చునే బీబిసారా అవ్వ రుమాలుతో కళ్లొత్తుకుంది. పక్క వీధిలోనే ఇల్లు. ఇంట్లో ఒక్కతీ ఉండలేక బడికొచ్చే మనిషి. కార్బురేటరుతో ఆవిడకేం పనిలేదు.

"సమాధి కూడా లేదా నాయనా?"

"లేదవ్వా."

"ఎవరూ ఖురాను చదవలేదా వాడి పేరిట?"

"ఎవరున్నారవ్వా చదవడానికి. పెళ్లైనా కాలేదు," అన్నాడు యెసెన్, గొంతు బొంగురు చేసుకుని. చెప్పడానికే సిగ్గుగా ఉంది గానీ, ఆ బొంగురు కూడా నటనే.

*

మరుసటి గురువారం హాలు తలుపు తీయగానే నూనె వాసన గుప్పుమంది. బీబిసారా అవ్వ అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. ఒళ్లో తెల్లగుడ్డ మూట. అందులో పల్చగా వత్తి నూనెలో వేయించిన షెల్పెక్ రొట్టెలు, లెక్కప్రకారం ఏడు, ఇంకా ఆవిర్లు కక్కుతూ. శుక్రవారం ముందురోజు సాయంత్రం పోయినవాళ్లు ఎవరి గడప దగ్గరికి వాళ్లొచ్చి నిలబడతారు, తమ కోసం నూనె కాగిన వాసన వస్తుందేమోనని. వస్తే సంతోషంగా వెళ్తారు, రాకపోతే చిన్నబుచ్చుకుని వెళ్తారు. అది తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. యెసెన్ వాళ్లమ్మా ప్రతి గురువారం వేయిస్తుంది, పోయిన తన భర్త కోసం.

"దిక్కులేనివాడు కదా, ఇన్నేళ్లూ ఏ గడప దగ్గర నిలబడ్డాడో ఏమో," అంది అవ్వ. "మనమైనా తలుచుకుందాం."

జనం బాగానే వచ్చారు. క్రితంసారి విన్నవాళ్లు చుట్టపక్కాలను వెంటబెట్టుకొచ్చారు. డైరెక్టరు జనార్ కూడా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. అందరూ అరచేతులు తెరిచి కూర్చున్నారు. అవ్వ సన్నటి గొంతుతో చదివింది. చివర, చదివిన పుణ్యం ఎవరికి చెందాలో చెప్పే చోట ఆగి, యెసెన్ వైపు తిరిగింది.

"తండ్రి పేరేంటి నాయనా? ఎవరి కొడుకని చెప్పాలి?"

అక్కడైనా ఆగొచ్చు. ఆ క్షణంలోనైనా లేచి, అవ్వా క్షమించు, ఆ మనిషే లేడు అంటే, నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, తిట్టేవాళ్లు తిట్టేవాళ్లు, ఇంటికెళ్లి పడుకునేవాడు. అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. ఒక పేరు కావాలి, ఏదో ఒకటి. వేరే పేరే లోకంలో లేనట్టు సొంత తండ్రి పేరు బయటికొచ్చింది.

"కల్మెన్."

"కల్మెన్ కొడుకు ఐత్‌జాన్‌కి చెందుగాక," అంది అవ్వ. అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు.

రొట్టెలు తుంచి పంచారు. యెసెన్ చేతిలోనూ ఓ ముక్క పెట్టారు. నోట్లో వేసుకున్నాడు గానీ అది మింగుడు పడలేదు. ఎంత నమిలినా అక్కడే ఉంది. దగ్గొచ్చినట్టు చేసి రుమాల్లో ఊశాడు. చచ్చినవాడి పేరిట పంచిన రొట్టెని ఊసేశాడు, అదీ లేని చచ్చినవాడు. తల ఎత్తుకోలేకపోయాడు.

మిగిలిన రొట్టెను అవ్వ గుడ్డలో చుట్టి పోబెదాలో డ్రైవరు సీటు మీద పెట్టింది.

పొద్దున యెసెన్ వచ్చి చూస్తే రొట్టె లేదు. సీటు కింద పట్టా తడిసి ఉంది. కప్పు కారిందనుకున్నాడు, రొట్టె ఎలుకలు తిన్నాయనుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ గుడ్డ సీటు మీదే ఉంది, నాలుగు మడతలు పెట్టి, అంచుకి అంచు కలిపి.

*

ఆ తర్వాత గురువారాలు ఎత్తేసే మాటే లేదు. "బ్రహ్మాండంగా ఉందండీ," అని జనార్ భుజం తట్టింది. కుర్చీలు చాలక బెంచీలు తెచ్చారు. పాఠం మధ్యలో జనం లేచి వెళ్లి పోబెదా తలుపు మీద చెయ్యేసి కళ్లు మూసుకునేవాళ్లు. తల్గార్ నుంచి ఒకావిడ వచ్చింది, కొడుకు రోడ్డు మీద పోయాడట, బండికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. యెసెన్ ఆవిడకి టీ పోసి ఇచ్చాడు. "మీకు పుణ్యముంటుంది బాబూ, ఇలాంటివాళ్ల గురించి చెప్పేవాళ్లెవరున్నారు," అంటూ ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నరికేసుకుంటే బావుండుననిపించింది అతనికి.

ప్రతి గురువారమూ రొట్టెలొచ్చేవి. ప్రతి గురువారమూ 'కల్మెన్ కొడుకు ఐత్‌జాన్' అని చదివేవాళ్లు. ప్రతిసారీ అతనికి నడివీధిలో గుడ్డలూడినట్టే ఉండేది. అయినా ఆ పేరుకి అరచేతులు చాచి కూర్చునేవాడు.

ఇంట్లో అమ్మ మొహం చూడలేకపోయేవాడు. ఆవిడకి చెవులు కాస్త మందం గానీ మతి చెక్కుచెదరలేదు. "ఏంట్రా, ఎవరి సొమ్మైనా తిన్నవాడిలా తిరుగుతున్నావ్," అని ఓ రోజు అడిగేసింది కూడా. ఏం లేదమ్మా అన్నాడు. ఒక్కగానొక్క కొడుకై ఉండి, పోయిన తండ్రి పేరు తెచ్చి లేనివాడికి అంటగట్టానని ఎలా చెప్తాడు?

చివరికి తల్గార్ ఆవిడ మళ్లీ వస్తోందని, ఈసారి తన వైపు బంధువులందరినీ తెస్తోందని తెలిశాక, ఇక చాలనుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ. ఈ గురువారం అందరి ముందూ చెప్పేయాలి.

*

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ మంచు. ఐదింటికే పూర్తిగా చీకటి పడిపోయింది. యెసెన్ అందరికన్నా ముందు వెళ్లి హాలు తాళం తీశాడు. లోపల గాలి గడ్డకట్టినట్టుంది. పాత రబ్బరు, గ్రీజు, తడిసిన సిమెంటు వాసన. కప్పు మీద మంచు జారే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మంచుకి తడిసిన కోటు విప్పి బెంచీ మీద ఆరేసి, బల్ల మీద దీపం వెలిగించి, కెటిలు పెట్టి, చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

చెప్పాల్సిన నాలుగు ముక్కలూ ఒకసారి పైకి అనుకుంటే నయం, లేకపోతే సమయానికి నోరు పెగలదు. ఖాళీ బెంచీల వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఐత్‌జాన్ అనే మనిషి లేడు."

ఇంకోసారి అన్నాడు. "ఐత్‌జాన్ అనే మనిషి ఎప్పుడూ లేడు. నేనే కల్పించాను." మూడోసారి కాస్త గట్టిగా వచ్చింది. హాలు గోడలు ఆ మాటను తిప్పి పంపాయి. ఎప్పుడూ లేడు… లేడు.

అప్పుడొచ్చింది వాసన. నూనె కాగిన వాసన. బీబిసారా అవ్వ వచ్చేసిందేమో అనుకుని తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది. వాసన అటునుంచి రావట్లేదు. వెనక నుంచి వస్తోంది.

తిరిగి చూశాడు.

బండ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి అద్దాలన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పోబెదా అద్దాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. దుమ్మేమో అనుకున్నాడు. రెండడుగులు దగ్గరికి వేశాడు. దుమ్ము కాదు.

ఆవిరి. లోపలి నుంచి పట్టిన ఆవిరి… చలిలో మనుషులు తలుపులేసుకుని కూర్చున్న బండికి పట్టినట్టు.

చూస్తుండగానే డ్రైవరు పక్క అద్దం మీద ఆవిరి చెదిరింది. లోపల ఎవరో అరచేత్తో తుడుస్తున్నారు. నెమ్మదిగా… గుండ్రంగా… బయటికి చూడ్డానికి సరిపడా.

తుడిచిన చోట చీకటి తప్ప ఏమీ లేదు.

"అన్నా…"

చాలా చిన్న గొంతు. చలికి పళ్లు కొట్టుకుంటున్న గొంతు.

యెసెన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అన్నా… మనిల్లెక్కడ?"

అంత భయంలోనూ అతనికి ముందు తోచింది పారిపోవాలని కాదు. ఇందాకటి మాట విన్నాడు, పాపం, అని. తలుపు పిడి టక్కుమంది. అప్పుడు పరిగెత్తాడు. బెంచీ తట్టుకుని పడి, లేచి, బయట మెట్ల మీదికొచ్చి పడ్డాడు.

మెట్ల కింద బీబిసారా అవ్వ, రైహాన్, ఇంకా పదిమంది దాకా మంచులో నడిచొస్తున్నారు. "ఏంటి మాష్టారూ, కోటు లేకుండా బయటికొచ్చారు?" అంది రైహాన్. చూసుకుంటే నిజమే, కోటు లోపల బెంచీ మీదే ఉండిపోయింది.

అందరితో కలిసి లోపలికి వెళ్లాడు. పోబెదా డ్రైవరు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. నేల మీద తడి మరకలు హాలు వెనక తలుపు దాకా ఉన్నాయి. ఆ తలుపూ తీసే ఉంది, మంచు లోపలికి కొడుతోంది. "గాలికి తెరుచుకున్నట్టుంది," అని ఎవరో వెళ్లి గడియ పెట్టారు. బెంచీ మీద యెసెన్ కోటు లేదు. అతను దాని గురించి ఎవరినీ అడగలేదు.

*

చెప్పడానికి చాలాసేపు పట్టింది. టీ మీద టీ పోశాడు. తల్గార్ ఆవిడ మంచు వల్ల ఇంకా రాలేదు, రానీ అన్నాడు. మార్లెన్ కూడా రాలేదు, రానీ అన్నాడు. ఇక సాకులు అయిపోయాక లేచి నిలబడ్డాడు. వల్లెవేసుకున్న మాటలేవీ గుర్తులేవు.

"నేను మీకు అబద్ధం చెప్పాను. ఆ బండి ఎవరిదో నాకు తెలీదు. ఐత్‌జాన్ లేడు. కొర్దాయ్ లేదు, తల్లీబిడ్డా లేరు. మీరు ఆవలించకుండా ఉంటారని చెప్పాను."

ఎవరూ తిట్టలేదు. తిడితే బావుండేది. రైహాన్ తన చేతుల వైపు చూసుకుంది, ఆ బండిని ఎన్నిసార్లు నిమిరిందో గుర్తొచ్చినట్టు. వెనక బెంచీలో ఒకాయన లేచి, టోపీ పెట్టుకుని, చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు. యెసెన్ ఆయన వీపు చూస్తూ నిలబడ్డాడు.

బీబిసారా అవ్వ మాత్రం కదల్లేదు. ఒళ్లో రొట్టెల మూట అలాగే ఉంది.

"తండ్రి పేరు?" అంది. "అదీ కల్పించావా?"

"లేదవ్వా. అది మా నాన్న పేరు."

ముసలావిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. మూటను రెండు చేతులతో దగ్గరికి హత్తుకుంది.

"ఎంత పని చేశావురా," అంది గుసగుసగా. "లేనివాడికి నువ్వు పేరిచ్చావు. నేను నోరారా పిలిచి అన్నం పెట్టాను. వారం వారం పెట్టాను. దానికి తోడు వాడికి ఓ తండ్రినీ చూపించావు. వాడిప్పుడు నీ తోడబుట్టినవాడు కదరా."

"అవ్వా, ఆ మనిషే లేడంటున్నా కదా."

"మరి తిన్నదెవరు?"

అప్పుడే ముందు తలుపు తోసుకుని మార్లెన్ వచ్చాడు. మంచు దులుపుకుంటూ, ఇక్కడి మొహాలు చూడకుండానే మొదలెట్టాడు.

"ఆలస్యమైంది, తిట్టకండి మాష్టారూ. మీ పనిమీదే వెళ్లా. మీకో తమ్ముడున్నాడని ఒక్కసారైనా చెప్పారా? మ్యూజియం వెనక సందులో చెయ్యెత్తి ఆపాడు. కల్మెన్ గారింటికి పోవాలి, దారి తెలీదు అన్నాడు. ఎన్నిసార్లు మిమ్మల్ని దింపలేదూ, నాకు తెలుసులే ఎక్కు అన్నా. ముక్కు చూస్తేనే తెలుస్తోంది మీ ముక్కే అని."

అప్పుడు చూశాడు అందరి మొహాలూ. మార్లెన్ నవ్వు సగంలో ఆగింది.

"ఏమైంది? మీ కోటే వేసుకున్నాడుగా," అన్నాడు.

*

మార్లెన్ అప్పిచ్చిన స్వెటరు వేసుకుని యెసెన్ టాక్సీ ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే ప్యాంటు తడిసింది. సీటు నీళ్లు కారేంత తడిగా ఉంది.

"అసలేం మాట్లాడాడు?" అని అడిగాడు, ఇల్లు దగ్గరపడ్డాక.

"ఏం మాట్లాడలేదు. హీటరు పెంచమన్నాడు. పెంచా. ఇంకా పెంచమన్నాడు." మార్లెన్ రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "అన్నకి కోపమొచ్చిందా అని అడిగాడు. నాకేం తెలుసు, ఎందుకొస్తుందయ్యా అన్నా. ఏడుస్తున్నాడనుకుంటా. మాష్టారూ, నన్ను పైకి రమ్మనకండి."

యెసెన్ రమ్మనలేదు. మెట్లెక్కాడు. మెట్ల మీద తడి పాదాలు, చెప్పుల్లేని పాదాలు. ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. నూనె వాసన.

అమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి రొట్టెలు తిప్పుతోంది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఇతని వైపు చూడలేదు. కొక్కేనికి యెసెన్ కోటు వేలాడుతోంది, అంచుల నుంచి నీళ్లు కారుతూ.

"అమ్మా, ఎవరొచ్చారు?"

"ఎవరొచ్చారట." ఆవిడ పొయ్యితో చెప్పినట్టు చెప్పింది. "నా కడుపున పుట్టినవాణ్ణి పట్టుకుని ఎవరొచ్చారని అడుగుతున్నాడు."

"అమ్మా, నీకు నేనొక్కణ్ణే."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, వచ్చి, చెంప మీద కొట్టింది. పెద్ద దెబ్బ కాదు, ముసలి చెయ్యి. కానీ అతనికి ఊహ తెలిశాక ఆవిడ కొట్టడం అదే మొదలు.

"గడపలో నిలబడి లోపలికి రాకుండా ఏడ్చాడురా. అన్న నేను లేనంటున్నాడమ్మా అని. ఖాళీ హాల్లో నిలబడి పాఠం వల్లెవేసినట్టు వల్లెవేశావట, లేడు, ఎప్పుడూ లేడు అని. నలుగురిలో చెప్పడానికి. మీ నాన్న ఉంటే నీ మొహం చూసేవాడా? సిగ్గు లేదురా నీకు?"

ఉంది. ఇన్ని వారాలుగా సిగ్గుతోనే బతికాడు. దాని ప్రతి మూలా తనకి తెలుసనుకున్నాడు. కానీ ఇప్పుడు ముంచుకొచ్చింది వేరే సిగ్గు. అబద్ధం చెప్పినందుకు కాదు… తమ్ముణ్ణి లేడన్నందుకు. ఎక్కణ్నించి వచ్చిందో తెలీదు గానీ కడుపులోంచి వచ్చింది, నిజంగా వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లోపల నీ మంచం మీద కూర్చున్నాడు," అంది అమ్మ, గొంతు తగ్గించి. "అన్న పిలిస్తేనే వస్తానంటున్నాడు. ఆకలితో ఉన్నాడు. పిలువు."

లోపలి గది తలుపు వేసి ఉంది. కింద సందులోంచి చల్లగాలి వస్తోంది.

పిలవకూడదు. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుసు. ఐత్‌జాన్ అని తన నోటితో ఈ ఇంట్లో అన్నాడంటే ఇక అయిపోయినట్టే. పేరు మాత్రం అనకూడదు. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోవాలి. మెట్లు దిగాలి. మార్లెన్ ఇంకా కిందే ఉంటాడు.

"పిలువు నాయనా," అంది అమ్మ. కన్నీళ్లు ఆవిడ చెంపల మీదుగా జారుతున్నాయి. "ఎంత కాలమని బయట నిలబెడతావు వాణ్ణి."

లేడమ్మా, ఎవరూ లేరమ్మా అందామని నోరు తెరిచాడు.

"కరాబాలా," అన్నాడు.

నల్లపిల్లాడా అని. ఆ ముద్దుపేరు అతను క్లాసులో చెప్పలేదు. ఎవరి దగ్గరా చెప్పలేదు. తను కల్పించిన ఐత్‌జాన్‌కి అలాంటి పేరేదీ పెట్టలేదు. ఆ మాట ఎప్పుడైనా తన నోట్లోంచి వచ్చినట్టే గుర్తులేదు. కానీ నాలుక తడబడలేదు, వేలసార్లు పిలిచిన పేరులా తేలిగ్గా పలికింది.

అమ్మ తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని నవ్వింది. "ఎన్నాళ్లైందిరా నువ్వు వాణ్ణలా పిలిచి," అంది.

లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. తడి పాదాల చప్పుడు వంటింటి వైపు వస్తుంటే, యెసెన్ అటు చూడకుండా, భోజనం బల్ల దగ్గరున్న తన స్టూలు కాస్త పక్కకి జరుపుకుని చోటిచ్చాడు.